పేరు లేని ఎయిర్ రైఫిల్: రకం గుర్తుపట్టడం, సరిపోయే పెల్లెట్ ఎంచుకోవడం

పాత ఎయిర్ రైఫిళ్లలో చాలావాటి మీద కంపెనీ పేరు ఉండదు, మోడల్ నంబరు ఉండదు, క్యాలిబర్ (ఏ సైజు గుండు పడుతుందో చెప్పే అంకె) కూడా ఉండదు. పాలిషు పట్టినప్పుడు ముద్ర అరిగిపోయి ఉండొచ్చు, మధ్యలో ఎవరో బ్యారెల్ మార్చి ఉండొచ్చు, అసలు ముద్రే వేయకుండా చిన్న వర్క్‌షాపులో తయారై ఉండొచ్చు. అలాంటి గన్ చేతికి రాగానే అందరూ ముందు దాని పేరు కోసం వెతుకుతారు. పేరు తెలిస్తే సీళ్లు, స్ప్రింగులు కొనేటప్పుడు పనికొస్తుంది. పెల్లెట్ (ఎయిర్‌గన్‌లో వేసే చిన్న సీసం గుండు) కొనడానికి మాత్రం నాలుగు సంగతులు చాలు: గాలి ఒత్తిడి ఎలా పుడుతుంది, బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం) ఎంత, బోరులో గాడులు ఉన్నాయా, బలం ఎంత. ఈ నాలుగూ గన్‌ను కొలిచి తెలుసుకోగలిగినవే.

ముందు ఇది ఖాళీయో కాదో తేల్చాలి

ఎవరు ఏం చెప్పినా సరే, లోడై ఉందనే అనుకోవాలి. మూతిని మనుషులు, జంతువులు లేని వైపు ఉంచండి. వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. "పనిచేస్తుందేమో చూద్దాం" అని ట్రిగ్గర్ నొక్కకండి.

స్ప్రింగు గన్ ఎక్కుపెట్టి ఏళ్ల తరబడి అలాగే మూల పడి ఉండొచ్చు, పైకి ఏమీ తెలియదు. బ్యారెల్ మడిచే రకమైతే దాన్ని గట్టిగా పట్టుకుని నెమ్మదిగా కిందికి వంచండి. మొదటి కొంచెం దాటాక గట్టి బిగువు తగిలితే స్ప్రింగు వదులుగా, అంటే కాల్చిన స్థితిలో ఉన్నట్టు. అడ్డమేమీ లేకుండా బ్యారెల్ తన బరువుకే కిందికి వాలిపోతే రెండిట్లో ఒకటి: గన్ ఇప్పటికే ఎక్కుపెట్టి ఉంది, లేదా స్ప్రింగు విరిగింది. ఎక్కుపెట్టి ఉందనే లెక్కలో నడవండి. బ్యారెల్ మీది చేయి తీయకుండా 4.5 మి.మీ. పెల్లెట్ ఒకటి బ్రీచ్‌లో, అంటే బ్యారెల్ వెనక కొసన పెట్టి చూడండి. అది గొట్టంలోంచి జారి మూతి దగ్గర బయటపడితే 5.5 మి.మీ.ది పెట్టండి. పెల్లెట్ నిలిచాక బ్యారెల్ మూసి, గుండు ఆగిపోయే గట్టి అడ్డు వైపు కాల్చి ఖాళీ చేయండి. పెల్లెట్ జారి బయటికి రాకుండా మధ్యలో ఎక్కడో ఆగిపోతే గొట్టంలో ఏదో అడ్డం ఉన్నట్టు. అప్పుడు కాల్చకూడదు. గన్‌ల పని తెలిసినవారి చేతికి ఇవ్వండి.

బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ నొక్కితే అది దెబ్బతో మూసుకుంటుంది. వేళ్లు నలుగుతాయి, బ్యారెల్ వంగుతుంది, కర్ర చీలుతుంది. బ్యారెల్ కింద గానీ పక్కన గానీ ఉన్న లివర్‌తో ఎక్కుపెట్టే రకాల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. వాటిలో చాలావాటికి బ్రీచ్ వెనక్కి జరుగుతుంది, పెల్లెట్ పెట్టే చోటే బొటనవేలు ఉంటుంది. పట్టు జారితే ఆపే పళ్ల మెకానిజం కొన్ని చవక గన్‌లలో ఉండదు, ఉన్నా అరిగిపోయి ఉండొచ్చు. అందుకే పెల్లెట్ పెట్టినంతసేపూ రెండో చేయి లివర్ మీదే ఉండాలి.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి: ఇది అసలు ఎయిర్ రైఫిలేనా? ఎయిర్‌గన్ బ్రీచ్‌లో గాలి వచ్చే చిన్న రంధ్రం, దాని చుట్టూ రబ్బరు లేదా తోలు వాషరు, అంతే ఉంటాయి. బోల్టు ముఖం మీద పిన్ను, తూటా ఖోళీని లాగే కొక్కెం, బోరు కంటే వెడల్పుగా తొలిచిన తూటా గది కనిపిస్తే అది తుపాకీ, లేదా తుపాకీగా మార్చిన గన్. అక్కడితో ఆపేసి లైసెన్సున్న గన్‌స్మిత్‌కో పోలీసులకో చెప్పండి. ఎయిర్‌గన్‌ల మీద కూడా ఒక్కో దేశంలో ఒక్కో పరిమితి ఉంది. గుండు శక్తిని బట్టి గీసే ఆ గీత జర్మనీలో 7.5 జౌళ్ల దగ్గర, బ్రిటన్‌లో రైఫిళ్లకు 12 అడుగు-పౌండ్ల దగ్గర, అంటే సుమారు 16.3 జౌళ్ల దగ్గర ఉంది. మీరున్న చోట నియమం ఏమిటో కాల్చకముందే తెలుసుకోండి.

చివరిగా బోరు ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఇది స్ప్రింగు వదులుగా ఉన్నప్పుడు మాత్రమే చేసే పని. బ్యారెల్ మడిచి, మూతి దగ్గర తెల్ల కాగితం పెట్టి, బ్రీచ్ వైపు నుంచి చూడండి. బ్రీచ్ తెరుచుకోని రకమైతే ప్లాస్టిక్ పూత ఉన్న కడ్డీ గానీ సన్నని చెక్కపుల్ల గానీ మూతిలోంచి దించి, ఎంత లోతు పోయిందో బయట కొలిచి చూడండి. పాత గన్‌లలో ఒకదాని వెనక ఒకటిగా మూడు నాలుగు పెల్లెట్లు ఇరుక్కుని ఉండటం మామూలే. ఇంకో పెల్లెట్ కాల్చి వాటిని బయటికి నెట్టాలనుకుంటే ఇంకొకటి ఇరుక్కుంటుంది. రెండు చుక్కల నూనె వేసి ఒక పూట వదిలేసి, దగ్గరి చివర ఏదో అటు వైపుకి కడ్డీతో నెట్టండి.

ఒత్తిడి ఎక్కడ పుడుతోంది

ఒకే ఒక్క పెద్ద లాగుడుతో ఎక్కుపెట్టేది, కాల్చినప్పుడు ముందుకూ వెనక్కూ ఎగిరిపడేది స్ప్రింగు పిస్టన్ గన్. గుర్తు లేని వాటిలో ఎక్కువ ఇవే. స్ప్రింగుకు బదులు గ్యాస్ నింపిన గొట్టం ఉండే గ్యాస్ రామ్ గన్ కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా చేతికి తెలుస్తుంది: లాగడం మొదలుపెట్టిన క్షణం నుంచే బిగువుంటుంది, కాల్చాక స్ప్రింగు మోగినట్టు "జ్యింగ్" శబ్దం రాదు.

ముందు కర్రనే సైకిల్ పంపులా పలుమార్లు కొట్టాల్సి వస్తే, కొట్టిన కొద్దీ గట్టిపడితే అది మల్టీ పంప్. దీని బలం పంపుల సంఖ్యను బట్టి మారుతుంది కాబట్టి ఏ పరీక్షైనా ఒకే సంఖ్యలో పంపులు కొట్టి చేయాలి. తెలియని గన్‌ను మరీ ఎక్కువసార్లు కొట్టకండి. చిన్న గ్యాస్ బుడ్డికి గూడు ఉంటే కార్బన్ డయాక్సైడ్ రకం. మామూలు బుడ్డి 12 గ్రాములది. చలిలో దీని ఒత్తిడి పడిపోతుంది, అందుకని చల్లటి పూట కొలిచిన వేగం నమ్మదగ్గది కాదు.

బ్యారెల్ కింద పొడవాటి గొట్టం, ఒత్తిడి మీటరు, గాలి నింపే ముక్కు ఉంటే పీసీపీ, అంటే ముందే గాలి నింపి పెట్టుకునే రకం. ఇది 200 బార్లు, కొన్ని 300 బార్లు కూడా పట్టే పాత్ర. గొట్టం మీద ఒత్తిడి పరిమితి గానీ పరీక్ష తేదీ గానీ లేకపోతే ఇంట్లో నింపి చూడటమనే ఆలోచనే వద్దు. దాన్ని పరీక్షించగలిగిన చోటికి పంపాలి. ఆక్సిజన్ సిలిండర్‌తో ఎప్పుడూ నింపకూడదు: లోపల కాస్త గ్రీజు ఉన్నా పేలుతుంది.

దాక్కున్న గుర్తులు

ముద్ర లేదనుకున్న గన్‌లలో కొన్నిటికి అది కర్ర చాటున ఉంటుంది. ముందు కర్రకు రెండు పక్కల మరలు, ట్రిగ్గర్ గార్డు మరలు విప్పితే సాధారణంగా లోహభాగం మొత్తం ఒక్క ముక్కగా పైకి వస్తుంది. మర గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి. గాడి చెడిందంటే తర్వాత విప్పడం నరకం. సిలిండర్ వెనక మూత మాత్రం ముట్టుకోవద్దు, దాని వెనక స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ క్లాంపు లేకుండా విప్పితే ముఖానికి తగులుతుంది.

బ్రీచ్ బ్లాకు పైన, పక్కన, బ్యారెల్ అడుగున, సిలిండర్ వెనక కొసన, ట్రిగ్గర్ పెట్టె మీద, బట్ ప్లేటు లోపల చూడండి. టార్చిని నేరుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అరిగిన ముద్ర నీడలో తేలుతుంది. పలుచని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దినా అక్షరాలు పడతాయి.

ఐదు భుజాల గడిలో ఇంగ్లీషు "ఎఫ్" అక్షరం ఉంటే జర్మన్ మార్కెట్టు కోసం, 7.5 జౌళ్లకు లోపు బలంతో తయారైందని అర్థం. ఈ ముద్ర 1970ల నుంచి వాడుకలో ఉంది. పాత బ్రిటిష్ గన్‌లలో బోరును నంబరుతో చెప్పేవారు: 1 అంటే .177 అంగుళం, 2 అంటే .22, 3 అంటే .25. డయానా కంపెనీ గన్‌లలో సిలిండర్ మీద చిన్న అంకెల్లో తయారీ నెల, సంవత్సరం కనిపించడం మామూలు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డయానా 22, 25, 27, 35 అనేవి మోడల్ నంబర్లు, క్యాలిబర్లు కావు. "22" అని కనిపించగానే 5.5 మి.మీ. పెల్లెట్ల డబ్బా కొంటే, బోరు 4.5 అయిన రోజున ఒక్క పెల్లెట్ కూడా లోపలికి పోదు. క్యాలిబర్ ముద్ర స్పష్టంగా ఉన్నా సరే, బ్యారెల్ మార్చి ఉండే అవకాశం ఉంది కాబట్టి కొలత మానకూడదు.

నిర్మాణాన్ని బట్టి కూడా కొంత ఊహించొచ్చు. బ్రీచ్ పక్కన బ్యారెల్‌ను బిగించే చిన్న జారుడు గొళ్లెం ఉంటే వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ 35 గానీ దాన్ని చూసి చేసింది గానీ అయ్యుండొచ్చు. ట్రిగ్గర్ గార్డు లోపల, ట్రిగ్గర్‌కు ముందు సేఫ్టీ మీట ఉండటం గామో పద్ధతి. ఎక్కుపెట్టే లివర్ ముందు కర్రలో దాగి ఉండి, బ్రీచ్ మీద తిప్పితే తెరుచుకునే కుళాయి లాంటి భాగంలో పెల్లెట్ వేయాల్సి ఉంటే 1948లో మొదలైన బీఎస్ఏ ఎయిర్‌స్పోర్టర్ వంశం గుర్తొస్తుంది. కానీ పేరున్న ప్రతి గన్‌కూ నకళ్లున్నాయి. ఒక్క పోలిక చూసి పేరు పెట్టేయకండి. మరల పిచ్ మెట్రిక్కా కాదా, సిలిండర్ బయటి వ్యాసం ఎంత, బ్రీచ్ ముఖం నుంచి మూతి దాకా బ్యారెల్ పొడవెంత, గాడులు ఎన్ని, మొత్తం బరువెంత అన్నవి రాసిపెట్టుకోండి. తెలిసినవాళ్లను అడగాల్సి వస్తే కర్ర ఫొటో కంటే ఈ కొలతలు, బ్రీచ్ ఫొటో ఎక్కువ చెబుతాయి.

బోరు కొలత

ఇలాంటి ఎయిర్‌గన్‌లలో మామూలుగా కనిపించే క్యాలిబర్లు నాలుగు: .177 అంటే 4.5 మి.మీ., .20 అంటే 5 మి.మీ., .22 అంటే 5.5 మి.మీ., .25 అంటే 6.35 మి.మీ. మొదటిది, మూడోది తప్ప మిగతావి అరుదు. ఆరు మి.మీ. నున్నటి గొట్టం కనిపిస్తే అది ప్లాస్టిక్ గుండ్ల ఎయిర్‌సాఫ్ట్ గన్, దాని సంగతి వేరు.

వెర్నియర్ కాలిపర్ దవడలు మూతిలో పెట్టి కొలవడం అందరికీ మొదట తోచే పని. అది తప్పు దారి. మూతి అంచు ఏటవాలుగా కోసి ఉంటుంది, దవడలు ఆ ఏటవాలులో ఆగి పెద్ద కొలత చూపిస్తాయి. పైగా ఉక్కు దవడ ఆ అంచును గీకిందంటే గురి శాశ్వతంగా చెడుతుంది. గన్‌లో అన్నిటికంటే సున్నితమైన చోటు అదే.

క్యాలిబర్ తేల్చడానికి డ్రిల్ బిట్ల నున్నటి తోకలు చాలు. 5 మి.మీ. బిట్ తోకను బ్రీచ్ వైపు నుంచి మెల్లగా ఆనించండి. ఇబ్బంది లేకుండా పోతే బోరు 5.5 లేదా అంతకంటే పెద్దది. పోకపోతే 4.5 లేదా 5. 4.5 బోరులో గట్ల (గాడుల మధ్య ఎత్తుగా ఉండే భాగాల) మధ్య దూరం 4.5 కంటే కాస్త తక్కువ ఉంటుంది కాబట్టి 4 మి.మీ. తోక పోతుంది, 4.5 తోక సాధారణంగా పోదు. 5.5 మి.మీ. గన్‌లో 6 మి.మీ. తోక పోదు, పోయిందంటే .25 అనుకోవాలి. బిట్ కొసను ఎప్పుడూ లోపలికి పెట్టకండి.

తర్వాత గాడులు. టార్చి వేసి చూస్తే మెలి తిరుగుతూ పోయే గీతలు కనిపిస్తాయి, ఆరు నుంచి పన్నెండు వరకు ఉండొచ్చు. ఏ గీతా లేకుండా అద్దంలా ఉంటే నున్నటి బోరు. నల్లగా ఏమీ కనిపించకపోతే ముందు తుడవాలి. గుడ్డ ముక్కను దారంతో లాగే పద్ధతి మంచిది. మసి, సీసం పొర పోయేదాకా లాగండి. ఉక్కు తీగల బ్రష్ వద్దు.

నున్నటి బోరులో వేసేవి ఉక్కు బీబీ గుండ్లు. పేరుకు 4.5 మి.మీ. అయినా అసలు వ్యాసం 4.3-4.4 ఉంటుంది. గాడులున్న బ్యారెల్‌లో ఉక్కు బీబీలు గానీ ఉక్కు ముక్కు ఈకల డార్టులు గానీ వేయకూడదు. ఉక్కు సీసంలా నలగదు, గాడుల గట్లను తినేస్తుంది. ఇలా పాడైన పాత గన్‌లు తక్కువేం కావు.

ఇంతవరకు క్యాలిబర్ మాత్రమే తెలిసింది. అదే 5.5లో పెల్లెట్ తలలు 5.50 నుంచి 5.55 దాకా, 4.5లో 4.49 నుంచి 4.53 దాకా దొరుకుతాయి. వీటిలో ఏది కావాలో తెలియాలంటే సీసం అచ్చు తీయాలి. దీనికి గన్ ఎక్కుపెట్టి ఉండకూడదు.

1. బోరు శుభ్రంగా తుడిచి, పలచగా నూనె రాయండి.
2. బోరు కంటే 0.1-0.3 మి.మీ. పెద్దదైన మెత్తటి సీసం గుండు తీసుకోండి. చేపల గాలానికి కట్టే సీసం గుండు సరిపోతుంది. లేకపోతే మెత్తటి పెల్లెట్ స్కర్టును, అంటే గుల్లగా ఉండే వెనక భాగాన్ని బాల్‌పెన్ ముక్కుతో కాస్త వెడల్పు చేసి వాడొచ్చు, కాకపోతే దాని తల మీద గాడులు సరిగా పడవు.
3. బ్రీచ్ నుంచి చెక్కపుల్లతో తట్టి లోపలికి దింపండి. తర్వాత ఇత్తడి కడ్డీతో ఒకే వేగంతో నెట్టుకుంటూ మూతి దాకా తీసుకెళ్లండి.
4. బయటికి వచ్చిన ముక్కను మైక్రోమీటర్‌తో కొలవండి. ఉబ్బెత్తు గీతల మధ్య కొలత గాడుల వ్యాసం, పల్లపు గీతల మధ్య కొలత గట్ల వ్యాసం.

మామూలు కాలిపర్ 0.02 మి.మీ. తేడానే చూపుతుంది. పెల్లెట్ తలల తేడా 0.01 కనుక మైక్రోమీటరే కావాలి. గాడుల సంఖ్య బేసి అయితే ఉబ్బెత్తు గీతకు ఎదురుగా పల్లపు గీత వస్తుంది, కొలత అసలు కంటే తక్కువ చూపుతుంది. అలాంటప్పుడు అంకెను నమ్మకుండా పెల్లెట్లతోనే పరీక్షించాలి.

ముక్కను నెడుతున్నప్పుడు చేతికి తెలిసేది అంకె కంటే విలువైనది. అంతటా ఒకే బిగువుండి మూతి దగ్గర కొంచెం గట్టిపడితే అది చోక్, మంచి బ్యారెల్ లక్షణం. మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి బిగిస్తే బయట సైటు బిగించిన చోటో, బ్యారెల్ వంగిన చోటో ఉంటుంది. మూతి దగ్గర వదులైపోతే తప్పుడు కడ్డీలతో తుడిచి అరగదీసిన బ్యారెల్. అలాంటి దానికి కొంచెం పెద్ద తల పెల్లెట్ కొంత సాయం చేస్తుంది, పూర్తిగా బాగు చేయదు.

బలం ఎంత

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే ఐదు నిమిషాల పని. పెల్లెట్ బరువును గ్రాముల్లో తీసుకుని, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని ఆ వేగాన్ని దానితోనే గుణించి, రెంటినీ గుణించి 2000తో భాగిస్తే జౌళ్లు వస్తాయి. 0.547 గ్రాముల పెల్లెట్ 180 మీటర్ల వేగంతో పోతే 8.9 జౌళ్లు. 0.95 గ్రాములది 170తో పోతే 13.7. డబ్బా మీద బరువు గ్రెయిన్లలో రాస్తారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు. క్రోనోగ్రాఫ్ లేకపోతే, గన్ చప్పుడుకూ గురి మీద తగిలిన చప్పుడుకూ మధ్య కాలాన్ని కొలిచే ఫోన్ యాప్‌లున్నాయి, అంచనాకు పనికొస్తాయి.

పది షాట్లు కొలిచి అంకెల మధ్య వ్యత్యాసం చూడండి. స్ప్రింగు గన్‌లో ఒక షాటుకూ ఇంకో షాటుకూ వేగంలో సెకనుకు 10 మీటర్లకు మించి తేడా వస్తుంటే పెల్లెట్‌ను తప్పుపట్టేముందు సీళ్లు చూడాలి. బ్రీచ్ కీలు చుట్టూ టిష్యూ కాగితం పీలికలు పెట్టి కాల్చండి. ఎగిరిపోతే అక్కడ గాలి కారుతోంది. పిస్టన్‌కు తోలు వాషరు ఉన్న పాత గన్‌లో తోలు ఎండిపోతే బలం సగానికి పడుతుంది. గాలి రంధ్రంలో రెండు మూడు చుక్కల నూనె వేసి రాత్రంతా నిలబెడితే కోలుకుంటుంది. ప్లాస్టిక్ సీలు ఉన్న కొత్తవాటిలో పెట్రోలియం నూనె పోయకండి. ఒత్తిడికి లోపలే అంటుకుని, పెద్ద చప్పుడు, పొగ, వాసన వస్తాయి. సీలు, స్ప్రింగు రెండూ దెబ్బతింటాయి. తోలు గన్‌లో కూడా నూనె వేశాక మొదటి కొన్ని షాట్లకు పొగ రావడం సహజం, అప్పటి వేగాలు లెక్కలోకి తీసుకోవద్దు.

పెల్లెట్ ఎంపిక

సీసం పెల్లెట్‌కు తల, సన్నటి నడుము, గుల్లగా ఉండే స్కర్టు ఉంటాయి. తల గట్లను ఆనుకుని దారి పట్టిస్తుంది, స్కర్టు గాలి ఒత్తిడికి విచ్చుకుని గాడులను మూసేస్తుంది. అందుకే తల సైజు గురికి, స్కర్టు మందం బలానికి సంబంధించినవి. బలం తక్కువ గన్‌లో మందపాటి స్కర్టు విచ్చుకోదు, పక్కల నుంచి గాలి కారుతుంది.

బరువు ఇలా చూసుకోండి. 7.5 జౌళ్ల లోపు గన్‌కు 4.5లో 0.45-0.5 గ్రాములు, 5.5లో 0.75-0.9. పదహారు జౌళ్ల దాకా 4.5లో 0.5-0.58, 5.5లో 0.9-1.03. అంతకు మించితే 4.5లో 0.6-0.7, 5.5లో ఒక గ్రాము పైన. స్ప్రింగు గన్‌లో మరీ తేలికైనది వేస్తే పిస్టన్‌కు అడ్డుగా గాలి మెత్త నిలవదు, పిస్టన్ పోయి సిలిండర్ ముందు గోడకు కొట్టుకుంటుంది. మరీ బరువైనది వేస్తే పిస్టన్ వెనక్కి ఎగిరి, వేగం తగ్గి, స్ప్రింగు మీద భారం పడుతుంది. పెల్లెట్ లేకుండా ఖాళీగా కాల్చడం అన్నిటికంటే చెడ్డది.

తేలిక పెల్లెట్ల మోజుకు ఇంకో శిక్ష ఉంది. 20 జౌళ్ల గన్‌లో 0.45 గ్రాములది 298 మీటర్ల వేగంతో పోతుంది, ధ్వని వేగానికి దగ్గరపడి తడబడుతుంది. అదే గన్‌లో 0.65 గ్రాములది 248 దగ్గర నిలకడగా పోతుంది. డబ్బా మీద "అత్యధిక వేగం" అని గొప్పగా రాసిన గట్టి లోహపు పెల్లెట్లు గురి కోసం చేసినవి కావు.

ఆకారం సంగతి తొందరగా తేలుతుంది. కాగితం మీద గుండ్రటి శుభ్రమైన రంధ్రం కావాలంటే చదును తల, 20-25 మీటర్ల లోపు. అంతకు మించిన దూరానికి గుండ్రటి తల. సూది ముక్కు చూడటానికి బాగుంటుంది గానీ ముక్కు మధ్యకు రాని పెల్లెట్లు డబ్బాలో ఎక్కువ. తెలియని గన్‌కు గుండ్రటి తలతోనే మొదలుపెట్టండి.

వేలితో చేసే పరీక్ష ఒకటుంది. బ్రీచ్‌లో పెల్లెట్ పెట్టి బొటనవేలితో నొక్కండి. దానంతట అది లోపలికి జారిపోతే వదులు. గోరు నొప్పెట్టేలా నొక్కాల్సి వస్తే, స్కర్టు వంగితే బిగువు. చిన్న బిగువుతో దిగి, స్కర్టు అంచు బ్రీచ్ ముఖంతో సమానంగా నిలవాలి. అంచు బయటికి పొడుచుకు ఉంటే బ్యారెల్ మూసినప్పుడు నలుగుతుంది, సీలు కోసుకుపోతుంది. కుళాయి బ్రీచ్ రకంలో వేలితో నొక్కలేం. పెల్లెట్ తల ముందుకు ఉండేలా జారవిడవాలి, అది పూర్తిగా లోపల కూర్చోవాలి. అక్కడ స్కర్టే గాలిని మూయాలి కాబట్టి మెత్తటి సీసం, పలుచని స్కర్టు నప్పుతాయి. పాత బ్రిటిష్ .22 బ్యారెళ్లు కొంచెం వెడల్పుగా ఉంటాయని పేరు, వాటికి 5.53 పైన ఉన్న తలలు చూడండి.

ఒకే రకం పెద్ద డబ్బా కొనకుండా నాలుగు రకాల చిన్న డబ్బాలు తెచ్చుకోవడం తెలివి. 4.5కు అయితే ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ లాంటి 0.45 గ్రాముల చదును తల, జేఎస్‌బీ ఎగ్జాక్ట్ లాంటి 0.547 గ్రాముల గుండ్రటి తల, హెచ్ అండ్ ఎన్ ఫీల్డ్ టార్గెట్ ట్రోఫీ 0.56 గ్రాములది రెండు తల సైజుల్లో. మొదటిది, చివరిది చాలా తేడాగా ఉండటం వల్ల బ్యారెల్ ఇష్టం త్వరగా బయటపడుతుంది.

కాగితం మీద తేల్చుకోవడం

ముందు కర్ర మరలు, సైటు మరలు బిగించండి. వదులు మర వల్ల వచ్చే చెదురును పెల్లెట్ మీద నెట్టేయడం నిత్యం జరిగేదే. పది మీటర్ల దూరం, గాలి లేని చోటు, వెనక గుండు ఆగే అడ్డు, కళ్లకు అద్దాలు. పెల్లెట్ వందల మీటర్లు పోగలదు కనుక చెట్టునో పొదనో నమ్ముకోవద్దు. స్ప్రింగు గన్‌ను గట్టిగా బిగించి పట్టకూడదు, గట్టి దిమ్మ మీద నేరుగా ఆనించకూడదు. తెరిచిన అరచేతి మీద ఉంచి, భుజానికి తేలిగ్గా ఆనించి, దానికి నచ్చినట్టు కదలనివ్వాలి. ప్రతిసారీ అరచేయి ఒకే చోట ఉండాలి.

రకం మార్చినప్పుడల్లా మొదటి పది పదిహేను షాట్లు లెక్కలోకి రావు, బోరు కొత్త సీసానికి అలవాటు పడాలి. తర్వాత ఐదేసి షాట్ల గుంపులు మూడు కాల్చండి. చివరి రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి క్యాలిబర్ తీసేస్తే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. మూడు గుంపుల సగటు చూడాలి. ఒక్క మంచి గుంపు చూసి మురిసిపోతే మోసపోతాం. గాడులున్న ఆరోగ్యమైన గన్ పది మీటర్లలో 15 మి.మీ. లోపు ఇవ్వాలి.

రంధ్రాలు గుండ్రంగా కాకుండా నిలువుగా చీలినట్టు వస్తే పెల్లెట్ దొర్లుతోంది: తల చిన్నదై ఉండాలి, మూతి అంచు దెబ్బతిని ఉండాలి, లేదా మూతికి తగిలించిన గొట్టానికి పెల్లెట్ రాసుకుంటూ ఉండాలి. దూది పుల్లతో మూతి అంచు చుట్టూ తిప్పండి, దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లుంది. అన్ని రకాలూ ఒకేలా చెదిరితే లోపం పెల్లెట్లలో లేదు, బ్యారెల్ కీలులో ఆట ఉందేమో చూడండి. ఎక్కుపెట్టి మూసిన గన్‌లో బ్యారెల్ పక్కకు కదలకూడదు.

సీసం పట్టుకున్న చేతులు తినేముందు సబ్బుతో కడగాలి, పెల్లెట్లు పెదాల మధ్య పట్టుకునే అలవాటు ఉంటే మానాలి. నెగ్గిన రకం దొరికాక డబ్బా మీది తల సైజు, బ్యాచ్ నంబరు రాసి గన్ కర్ర లోపల, బట్ ప్లేటు వెనక అంటించి పెట్టండి. అదే పేరుతో, అదే సైజుతో వచ్చిన కొత్త బ్యాచ్ కూడా అచ్చు వేరైతే వేరుగా ప్రవర్తిస్తుంది. అందుకని కొత్త డబ్బా తెరిచిన రోజు పాత డబ్బాలో మిగిలిన పెల్లెట్లతో ఒక గుంపు, కొత్తవాటితో ఒక గుంపు పక్కపక్కనే కాల్చి చూసుకోండి.